ఒకపక్క ఆగు, ఒకపక్క పోండి

నేను ఒక పీపా మూతను. పుట్టుకతో అంతే. రోడ్డు పనుల కంపెనీవాళ్ల షెడ్డులో గ్రీజు నిండిన ఇనుప పీపా మీద మూడేళ్లు కదలకుండా కూర్చున్నాను. ఆ పీపాకు అడుగు ఒకడు ఉండేవాడు. వాడు నాకు తోబుట్టువే అయినా మా ఇద్దరి మధ్యా నిలువెత్తు గ్రీజు ఉండటం వల్ల ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఒకరోజు గ్యాసుమంటతో మా ఇద్దరినీ పీపానుంచి కోసి, అంచులు అరగదీసి, చెరొక ఇనుప గొట్టం అతికించి, టౌనులో ఉండే ఆర్టిస్టు డేవిడ్‌రాజు దగ్గరికి పంపారు.

ఫ్లెక్సీలు వచ్చాక డేవిడ్‌రాజు చేతికి పని తగ్గిపోయింది. చాలాకాలానికి కుంచె పట్టే అవకాశం దొరికేసరికి ఆయన నన్ను గోడమీద దేవుడి బొమ్మంత శ్రద్ధగా చూశాడు. ఒకపక్క ఎర్రరంగు కొట్టి, తెల్లగా ‘ఆగు’ అని రాశాడు. ఆ ‘ఆ’ వంపు కోసమే ఒక పూట పట్టింది. రెండో పక్క పచ్చరంగు మీద ‘వెళ్ళుము’ అని రాయాలి. ‘వె’ ఎంత ఠీవిగా వచ్చిందంటే దాని పక్కన ఇంకేమీ పట్టలేదు. డేవిడ్‌రాజు కాసేపు గడ్డం గోక్కుని, అంతా తుడిచేసి, మళ్లీ పచ్చరంగు పూసి ‘పో’ అని రాసేశాడు. అడుగుగాడికీ అదే.

మమ్మల్ని తీసుకుపోవడానికి వచ్చిన ఇంజనీరు దయానిధి ఆ ‘పో’ను చూడనే లేదు. కోస్తా జిల్లానుంచి వచ్చిన సన్నటి కుర్రాయన. నాలుగు రాత్రులు నిద్రలేనట్టుగా ఉన్నాడు. ఉండే ఉంటాడు. ఆయన తలనొప్పి అంతా ఒకే ఊరు. బుడ్డప్పగారిపల్లె.

ఆ ఊరికి పడమట కంకర కొండ ఉంది. కొండ కిందే కాంక్రీటు కలిపే ప్లాంటు. ఊరికి తూర్పున కొత్త బైపాసు రోడ్డు, దాని మీద ఒక వంతెన కడుతున్నారు. కొండనుంచి వంతెనకు పోవాలంటే దారి ఒక్కటే, ఊరి నడివీధి. ఎద్దులబండ్ల కాలంలో వేసిన వీధి అది. పడమటి కొసన బడి. తూర్పు కొసన నీళ్ల ట్యాంకు. నడుమ సర్పంచి ఎర్రిస్వామి ఇంటి దగ్గర మోకాలు వంచినట్టు ఒక మలుపు. ఆ మలుపు వల్ల ఈ కొసన ఏముందో ఆ కొసవాళ్లకు కనపడదు.

నేను రాకముందు ఒక సోమవారం రెండు టిప్పర్లు ఆ మలుపులో ముక్కూముక్కూ ఆనించుకుని నిలబడ్డాయి. ‘నేను లోడుతో ఉన్నా, నువ్వే వెనక్కి పో’ అని ఒక డ్రైవరు, ‘నేనే ముందు వచ్చినా’ అని ఇంకొకడు. ఎర్రిస్వామి అరుగుమీద కూర్చుని ఇద్దరికీ న్యాయం చెప్పబోయాడు. దాంతో ఇంకో రెండు గంటలు పట్టింది. చివరికి లోడు బండివాడే కోపంగా వెనక్కి తీశాడు. ఆ కోపంలో బడిదాకా వచ్చి, బడి ప్రహరీ మూలను తోకతో కొట్టి కూల్చేశాడు. అప్పటికి సాయంత్రం బడి విడవడానికి అయిదు నిమిషాలుంది. ఆ మూలనే రోజూ ఒకటో తరగతి పిల్లలు వరుసగా నిలబడతారు.

అయిదు నిమిషాలు. ఊరివాళ్లకు ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు పొద్దున ఊరంతా రోడ్డు మీద చాపలు పరుచుకుని కూర్చుంది. కంపెనీ దిగివచ్చింది. ఒక వైపునుంచి బండ్లు పోయేటప్పుడు రెండో వైపు ఆగాలి. పొద్దున బడి పెట్టేటప్పుడూ సాయంత్రం విడిచేటప్పుడూ అరగంటపాటు ఒక్క చక్రం తిరగకూడదు. రెండు కొసలా మనుషులుండాలి. ఇదీ ఒప్పందం. ఆ మనుషుల చేతుల్లో ఉండటానికే నేనూ అడుగుగాడూ పుట్టాం, రెండోసారి.

మొదట దయానిధి ఎక్కడినుంచో ఇద్దరు సెక్యూరిటీ వాళ్లను తెచ్చాడు. మెరిసే పట్టీల చొక్కాలు, మెడలో ఈలలు. డ్రైవర్లకు ఆ ఈల తమ ఇంజను చప్పుడులో కీచురాయి కూతంత కూడా వినిపించలేదు. నన్ను పట్టుకున్న ఆయన ఎండకు తట్టుకోలేక నన్నే గొడుగులా తలమీద పెట్టుకుని నిలబడేవాడు. అప్పుడు పైనుండే కాకులకు ఆగు అని, నేలకు పో అని చెబుతూ ఉండేదాన్ని.

మూడోరోజు సుంకులమ్మ వేరుశెనక్కాయలు ఆరబోసుకుంది. బడిముందు రోడ్డు పక్కనే. నలభై అయిదేళ్లుంటాయి. మనిషి పొట్టి. ఒక టిప్పరు ఆ కాయల అంచుమీదకు వస్తోంది. సుంకులమ్మ లేవలేదు, పరుగెత్తలేదు. కూర్చున్నచోటే నోరు తెరిచి “నిలబడ్రా!” అంది.

ఆ టిప్పరు ఆగింది. దాని వెనక నాలుగు ఆగాయి. దూరంగా పొలంలో దున్నుతున్న ట్రాక్టరు కూడా ఆగింది. సెక్యూరిటీ ఆయన చేతిలోనుంచి నేను జారి కింద పడ్డాను. రోడ్డవతల ఫోనులో మాట్లాడుతున్న దయానిధి ఫోను జేబులో పెట్టేశాడు. తర్వాత దగ్గరికొచ్చి చేతులు జోడించాడు.

“అమ్మా, మీరు మా దగ్గర పని చేస్తారా?”

“ఏం పని?”

“ఇదే పనమ్మా. ఇప్పుడు చేశారే, అదే.”

సుంకులమ్మ కాయలు రాశి చేసుకుంటూ ఆలోచించింది. “ఈ పక్క నేను నిలబడతా. ఆ పక్క మా ఆయన ఉండాల. వేరేవాల్లకు నా మాట ఇని అలవాటు ల్యా.”

అట్లా నేను సుంకులమ్మ చేతికి వచ్చాను. అడుగుగాడు తూర్పు కొసన ఆమె భర్త ఓబులేసు చేతికి పోయాడు. ఓబులేసు పొడుగాటి మనిషి, మెత్తని గొంతు. మాట్లాడితే పక్కవాడు కూడా ‘ఏమంటివి?’ అని అడగాల్సిందే. ఇంట్లో మాటలన్నీ భార్య వంతుకే పోవడంతో ఆయనకు వాడకం తప్పిపోయిందని ఊళ్లో అనుకునేవారు.

దయానిధి ఇద్దరికీ రెండు వైర్‌లెస్ సెట్లు ఇచ్చాడు. సుంకులమ్మ అందులో మొదటిమాట మాట్లాడగానే ఓబులేసు దాన్ని చెవిదగ్గరనుంచి మూరెడు దూరం పెట్టాడు. పెట్టినా ఏం లాభం? ఆమె గొంతు సెట్టుకంటే ముందు గాలిలోనే వచ్చి చేరుతోంది. ఒకేమాట రెండుసార్లు వినపడుతోందని ఆయన సెట్టును తుండుగుడ్డలో చుట్టి ట్యాంకు మెట్లమీద పెట్టేశాడు.

వాళ్ల పద్ధతి వాళ్లే తయారు చేసుకున్నారు. మొగుణ్ని పేరుపెట్టి పిలవదు కదా ఆ తరం మనిషి. కూతురు రవణమ్మను పక్క మండలంలో ఇచ్చారు. ఆ పేరుతోనే పిలుపు.

“రవణమ్మ నాయనోయ్! మూడు వదిలినా!”

వీధి పొడవునా ఆ కేక పరుగెత్తి, మలుపు తిరిగి, తూర్పు కొసన ఆయన దగ్గర చేరేది. మూడు టిప్పర్లూ తనను దాటాక ఓబులేసు ఒక ఇనుప కడ్డీతో అడుగుగాణ్ని ఠంగుమని కొట్టేవాడు. ఒక దెబ్బ అంటే వీధి ఖాళీ, నువ్వు ఇంకా వదలొచ్చు. రెండు దెబ్బలంటే ఇప్పుడు నావైపునుంచి వస్తున్నాయి, నువ్వు ఆపు. దెబ్బ వినపడకుండా సుంకులమ్మ నన్ను పచ్చవైపు తిప్పింది లేదు. ఇద్దరం ఒకే పీపాలో పుట్టాం. వాడిది దెబ్బల బతుకు అయింది, నాది ఊరేగే బతుకు.

నెలరోజుల్లో ఊరు ఆ కేకలను బట్టి గడియారం సరిచేసుకునే దాకా వచ్చింది. టిప్పర్ల లెక్క విని, దుమ్ము వస్తుందని ఆడవాళ్లు దండెం మీద బట్టలు తీసేవారు. ఎర్రిస్వామి తన అరుగుమీద కూర్చుని ప్రతి కేక తర్వాతా, తనే అనుమతి ఇచ్చినట్టు చెయ్యి ఊపేవాడు.

ఒక్క చిక్కు వచ్చింది. నాగలి పట్టుకున్నట్టు స్టీరింగు పట్టుకునే ఒక పెద్ద వయసు డ్రైవరు బండి దిగివచ్చి, “అమ్మా, గంటసేపు ఎండలో నిలబెడితివి, నిలబడితిమి. పంపేటప్పుడు పో అంటే ఎట్లా? మేమేం కుక్కలమా?” అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. సుంకులమ్మకు చదువు రాదు. నామీద ఏం రాసి ఉందో ఆరోజే ఆమెకు తెలిసింది. వెంటనే దయానిధిని పిలిపించి చీవాట్లు పెట్టింది. డేవిడ్‌రాజు స్కూటరుమీద వచ్చి, ‘పో’ పక్కన మిగిలిన వేలెడంత చోటులో ‘ండి’ని ఇరికించాడు. తూర్పు కొసకు పోయేలోపు రంగు అయిపోయింది. అందువల్ల పడమటినుంచి పోయే డ్రైవర్లకు మర్యాద, తూర్పునుంచి వచ్చేవాళ్లకు ‘పో’. ఓబులేసు ఆ లోటు తన వంతుగా తీర్చేవాడు. ప్రతి బండికీ బోర్డు పచ్చవైపు తిప్పి, ఎడంచేత్తో నమస్కారం పెట్టేవాడు. అందుకే డ్రైవర్లందరికీ ఆయనంటే ఇష్టం. ట్యాంకు దగ్గర టీ కొట్టులో ఆయన చుట్టూ చేరేవారు.

ఆ టీ కొట్టులోనే ముసలం పుట్టింది.

మస్తాన్‌వలి అని, కాంక్రీటు బండి తోలుతాడు. వీపుమీద తిరిగే పెద్ద గుండిగ ఉంటుందే, ఆ బండి. నవ్వు ముఖం. సుంకులమ్మను అక్కా అనీ, ఓబులేసును బావా అనీ వరస కలిపేసుకున్నాడు. ఒక మధ్యాహ్నం ఖాళీ బండితో కొండవైపు పోతూ బడిదగ్గర ఆగాడు. ఒంటిగంటనుంచి రెండింటిదాకా బండ్లకు భోజనాల విరామం. సుంకులమ్మ సద్దిమూట విప్పుకుంటోంది.

“అక్కా, బావ ఏమన్నాడో తెలుసునా? పొద్దున టీ కాడ అందరూ అడిగినారు, ఈ బోర్డు పట్టుకోని నిలబడేది కష్టం కాదా అని. దానికి బావ ఏమన్నాడో చెప్పనా? మాకు అలవాటేనప్పా, మా ఇంట్లో ఇరవై రెండేండ్లుగా నాకు ఎరుపే చూపిస్తాండాది అన్నాడు. నవ్వి నవ్వి టీ కింద పోసుకున్నాం లే!”

మస్తాన్‌వలి మళ్లీ ఒకసారి నవ్వుకుని, బండెక్కి వెళ్లిపోయాడు. సుంకులమ్మ చేతిలో సంగటి ముద్ద అట్లాగే ఉండిపోయింది. తర్వాత మూట మళ్లీ కట్టేసింది. నన్ను తీసుకుని రోడ్డు మధ్యకు వచ్చి, ఎరుపు కొండవైపు తిప్పి నిలబడింది. నా గొట్టం చుట్టూ ఆమె పిడికిలి ఎంత బిగుసుకుందో నాకు తెలుసు.

మధ్యాహ్నం రెండైంది. కొండనుంచి మొదటగా మస్తాన్‌వలే వచ్చాడు, గుండిగ నిండా వంతెనకు పోసే కాంక్రీటుతో. వెనక టిప్పర్లు చేరాయి. విరామం తర్వాత మొదటి కేక ఎప్పుడూ సుంకులమ్మదే. ఆమె వెయ్యలేదు. ఆమె కేక లేదు కాబట్టి ఓబులేసు దెబ్బ కొట్టలేదు. ఆయన దెబ్బ లేదు కాబట్టి ఆమె పచ్చ చూపలేదు. తూర్పున ఆయనదీ ఎరుపే, పడమట ఈమెదీ ఎరుపే. వీధి నడుమ ఒక కోడి మాత్రం తీరిగ్గా అటూ ఇటూ తిరుగుతోంది.

రెండున్నరకు దయానిధి మోటారుసైకిలు మీద దూసుకొచ్చాడు.

“అమ్మా, ఏమైందమ్మా? వదలండి. అది కాంక్రీటు. నాలుగింటికల్లా పోసేయకపోతే గట్టిపడిపోతుందమ్మా!”

“దెబ్బ ఇనపల్యా సార్. ఇనపకుండా వదిలేది ల్యా. మీరు పెట్టిన రూలే.”

“అయితే మీరు పిలవండి.”

“నేను పిలిస్తే ఎరుపు అంటారు కొందరు. వాల్లనే పిలవమనండి.”

దయానిధికి ఏమీ అర్థం కాలేదు. పెళ్లి కావాల్సిన మనిషి. మోటారుసైకిలు తూర్పుకు తిప్పాడు. పదినిమిషాల్లో తిరిగివచ్చాడు.

“ఓబులేసు గారు ఏమంటున్నారంటే, మీకు ఒంట్లో బాగాలేదా, గొంతు పోయిందా అని అడగమన్నారు.”

“నా గొంతుకేం కాలేదు, నోటి జాగ్రత్త వాల్లను చూసుకోమన్నానని చెప్పండి.”

అట్లా మూడుసార్లు తిరిగాడు పాపం. కాలేజీలో వంతెనలు కట్టడం నేర్పారు గానీ, ఇది నేర్పలేదు. ఒకసారి తనే వీధి మధ్యలో నిలబడి, రెండు చేతులూ నోటిదగ్గర పెట్టుకుని, “రవణమ్మ నాన్నగారోయ్!” అని పిలిచాడు. ఆ పిలుపు పది అడుగులు పోయి అలసిపోయింది. అరుగుమీద ఎర్రిస్వామికి పొలమారింది. ఈలోగా ఊరి జనం రెండు కొసలా పోగయ్యారు. ఎటువైపు ఎన్ని బండ్లు నిలబడ్డాయో పందెం లేకుండానే లెక్కపెడుతున్నారు.

మస్తాన్‌వలికి అప్పటికి విషయం తెలిసింది. బండి దిగకుండా తలుపులోనుంచి తల బయటపెట్టి, “సార్, తప్పు నాదే” అంటూ జరిగింది చెప్పాడు. దయానిధి తల పట్టుకున్నాడు. తర్వాత ఒక మంచిపని చేశాడు. తూర్పు కొసకు పోయి, ఓబులేసు చేతిలోనుంచి అడుగుగాణ్ని తను తీసుకుని, “నేను ఇక్కడ నిలబడతాను, మీరు ఇంటికి, కాదు, అక్కడికి వెళ్లండి” అని పంపించాడు.

ఓబులేసు వీధి పొడవునా నడిచి వచ్చాడు. ఊరంతా చూస్తుండగా వచ్చి, భార్యకు నాలుగడుగుల దూరంలో, నా ఎరుపుకు ఎదురుగా ఆగాడు. టిప్పరు ఆగినట్టే ఆగాడు.

“అన్నాను” అన్నాడు.

“ఏమన్నావో నీ నోటితో చెప్పు.”

“ఇంట్లో నాకు ఎరుపే చూపిస్తాది అన్నా.”

“మల్ల?”

“ఆ ఎరుపు లేకుంటే నేను ఎప్పుడో యాడో గుద్దుకోని పోయుందును, నాకు ఇల్లూ లేదు వాకిలీ లేదు అని గూడా అన్నా. అది మస్తాను నీకు చెప్పలేదా?”

సుంకులమ్మ తల తిప్పి బండివైపు చూసింది. “ఏం మస్తానూ? ఆ మాట అన్నాడా?”

మస్తాన్‌వలి చెవులు పట్టుకున్నాడు. “అన్నాడక్కా. నవ్వు వచ్చే కాడికే చెప్పినా నేను.”

జనమంతా గొల్లుమన్నారు. సుంకులమ్మ నవ్వలేదు. కాని నా గొట్టంమీద పిడికిలి వదులైంది. “పొద్దున్నుంచి ఏమన్నా తింటివా?” అని అడిగింది మొగుణ్ని. ఆయన లేదన్నట్టు తల ఊపాడు. “పో, పోయి నీ చోట నిలబడు. ఆ పిల్లాయన ఎండకు పడిపోతాడు.”

ఓబులేసు వీలైనంత పెద్ద అడుగులు వేస్తూ వెనక్కి పోయాడు. కాసేపటికి తూర్పునుంచి ఠంగుమని ఒక దెబ్బ. ఆ దెబ్బలో అడుగుగాడు ఎన్నడూ లేనంత ఉత్సాహంగా మోగాడు. “రవణమ్మ నాయనోయ్! కాంక్రీటు బండి వదుల్తాండా!” అని సుంకులమ్మ కేకవేసి, నన్ను పచ్చవైపు తిప్పబోయింది.

సరిగ్గా అప్పుడు బడిగంట మోగింది. ఇంటిగంట.

సగం తిరిగిన నన్ను ఆమె మళ్లీ వెనక్కి తిప్పింది. ఎరుపు.

మస్తాన్‌వలి వేసిన గేరు తీసేశాడు. అంతలో లారీల వరుస పక్కనుంచి ఒక తెల్ల జీపు దుమ్ము రేపుకుంటూ వచ్చింది. అందులోనుంచి ప్రాజెక్టు మేనేజరు దిగాడు. వంతెన దగ్గర మేస్త్రీలు చేతులు కట్టుకుని కూర్చున్నారని ఫోనులో తెలిసి, స్వయంగా బయల్దేరాడు.

“ఏమ్మా, నీకేమైనా పిచ్చా? వదులు బండిని!”

“గంట కొట్టినారు సార్. అరగంట ఆగాల.”

“అరగంట ఆగితే ఆ సరుకంతా రాయి అయిపోతుంది. ఈ ఒక్క బండి వదిలిపెట్టు చాలు, మిగిలినవి ఆపుకో.”

“ఒక్క బండే కద సార్ ఆ పొద్దు గోడ కూలగొట్టింది. నూరు బండ్లు కాదు గదా.”

మేనేజరు ముఖం ఎర్రబడింది, నా రంగుకు సరిపోయేటట్టు. “రేపటినుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు” అని, మస్తాన్‌వలివైపు తిరిగాడు. “నువ్వు పోనియ్యి. నేను చెబుతున్నాను.”

ఇంజను ఆపితే గుండిగ తిరగడం ఆగిపోతుంది, సరుకు ఇంకా తొందరగా గట్టిపడుతుంది. అందుకని మస్తాన్‌వలి ఇంజను ఆపలేదు. చేతిబ్రేకు మాత్రం గట్టిగా లాగి, బండి దిగివచ్చి నేలమీద నిలబడ్డాడు. “ఈ బోర్డు దాటిపోతే నాకు ఈ ఊర్లో రేపట్నుంచి టీ గూడా పుట్టదు సార్.”

అప్పటికే పిల్లలు బిలబిలమంటూ బయటకు వచ్చేశారు. సుంకులమ్మ ఒక చేత్తో నన్ను ఎత్తిపట్టి, రెండో చేత్తో వాళ్లను రోడ్డు దాటిస్తోంది. ఒక చిన్నపిల్ల సగం దాటి, చెప్పు జారిపోయిందని వెనక్కి పరుగెత్తింది. కాంక్రీటు బండి ముందు చక్రానికి ఎదురుగా కూర్చుని, ఆ చెప్పు పట్టీ పెట్టుకోవడం మొదలుపెట్టింది. నాలుక బయటపెట్టి, ఎంతో శ్రద్ధగా పెట్టుకుంది. ఆ చక్రం ఆ పిల్లకంటే ఎత్తుగా ఉంది. డ్రైవరు సీటులోనుంచి చూస్తే అక్కడ పిల్ల ఉన్నట్టు తెలిసే అవకాశమే లేదు.

ఇట్లాంటిది రోజూ జరిగేదే. మేనేజరు చూడటం అదే మొదటిసారి. పిల్ల లేచి, ఆయనకు ఒక నమస్తే సార్ పెట్టి వెళ్లిపోయింది.

నాలుగున్నరకు దయానిధి ఒక ఇనుప గరాటులాంటి దాంట్లో కాంక్రీటు కూరి, బోర్లించి చూశాడు. మెత్తగా జారాల్సింది, పుట్టలాగా నిక్కి నిలబడింది. “సార్, ఇది వంతెనకు పనికిరాదు” అన్నాడు సన్నగా. “ఇంకో అరగంటలో బయట పోసేయకపోతే గుండిగ కూడా పోతుంది.”

“ఎక్కడ పోస్తావయ్యా? ఎవరి పొలంలో పోస్తావు?” అని మేనేజరు విసుక్కున్నాడు.

అప్పుడు ఎర్రిస్వామి అరుగు దిగివచ్చాడు. ఆ అరుగు దిగడం నేను చూడటం అదే మొదలు. బడి ప్రహరీ వెంబడి, వాన పడితే మోకాటిలోతు బురదయ్యే గుంటలవైపు చెయ్యి చూపించాడు.

“ఈడ పొయ్యండి సార్. పిల్లోల్లు రోడ్డు మీద నడిచేదే ఈ బురదకు భయపడి. మీ వంతెనకు పనికిరాకపోతే మానె, మా పిల్లోల్ల కాల్లకు పనికొస్తాది.”

మేనేజరు ఎర్రిస్వామిని చూశాడు. సుంకులమ్మను చూశాడు. ఆ చెప్పు పిల్ల పోయిన దిక్కు చూశాడు. “పొయ్యండి” అన్నాడు.

తర్వాత జరిగింది తిరునాళ్లే. మస్తాన్‌వలి బండిని గోడవెంబడి అంగుళం అంగుళం జరుపుతూ వెనకనుంచి కాంక్రీటు పోస్తుంటే, ఊరివాళ్లు పారలూ బాండ్లీలూ పట్టుకుని దాని మీద పడ్డారు. గట్టిపడుతోందని బిందెలతో నీళ్లు పోశారు. “నీళ్లు పోయకూడదండీ!” అని దయానిధి ఏడుపుముఖంతో అడ్డుపడితే, ఒక ముసలావిడ “దప్పికైతాంది నాయనా దానికి” అని ఇంకో బిందె పోసింది. ఆ పూటకు బండ్లన్నీ ఆపేశారు కాబట్టి ఓబులేసు కూడా వచ్చాడు. ఆయన పారతో చదును చేస్తుంటే, సుంకులమ్మ వెనకనే నడుస్తూ “ఆడ ఎత్తుండాది, ఈడ గుంత పడింది” అని చెబుతోంది. ఆయన చెప్పినట్టల్లా చేస్తున్నాడు. మధ్యాహ్నం తినని సద్దిమూట విప్పి ఆయనకొక ముద్ద, తనకొక ముద్ద పెట్టింది. ఇద్దరూ నన్ను నేలమీద పడుకోబెట్టి, నా మీదే మూట పెట్టుకుని తిన్నారు. గోడకు ఆనించిన అడుగుగాడు మమ్మల్నే చూస్తున్నాడు. వాడి ఎరుపు నాకంటే కాస్త బాగుంది, కానీ ఒళ్లంతా సొట్టలు.

చీకటి పడేలోపు అరవై గజాల నడకదారి తయారైంది. దానిమీద పేరు రాయించాలని ఎర్రిస్వామి పట్టుబట్టాడు. తన పేరా, ఊరి పేరా, కంపెనీ పేరా అని వాదన నడిచింది. అది తేలేలోపే కాంక్రీటు గట్టిపడిపోయింది.

సుంకులమ్మను పనిలోనుంచి తీసేసిన మాట ఆ తర్వాత మేనేజరు ఎత్తలేదు. మర్నాడు పొద్దున ఆమె వచ్చి నిలబడింది, బండ్లు ఆగాయి, అంతే. ఇంకో పదినెలలు అట్లా గడిచాయి. వంతెన పూర్తయింది. బైపాసు మీద బండ్లు తిరిగాయి. మా వీధి మళ్లీ మేకలకూ స్కూటర్లకూ మిగిలింది. నన్నూ అడుగుగాణ్నీ కంపెనీవాళ్లు వెనక్కి అడగలేదు. సుంకులమ్మ ఇంట్లో ధాన్యం గాదె వెనక ఇద్దరం ముఖాముఖి ఆనుకుని ఉండిపోయాం. ఇన్నేళ్లకు పరిచయమైతే, మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మనుషులూ ఇంతేనేమో.

మొన్న వానాకాలం ముగిశాక ఒకరోజు ఫోను మోగింది. దయానిధి. ఆయన్ను ఎక్కడో అరవై మైళ్ల అవతలి పనికి మార్చారు. అక్కడా ఒక పల్లె, అక్కడా ఒక ఇరుకు వీధి.

“ఆరుగురిని మార్చానమ్మా. ఎవరి మాటా ఎవరూ వినడం లేదు. మీరిద్దరూ ఒక్కసారి వస్తారా?”

సుంకులమ్మ మొగుడివైపు చూసింది. ఓబులేసు అప్పటికే గాదె వెనక చెయ్యిపెట్టి మమ్మల్ని లాగుతున్నాడు. వాళ్లు ఊరు దాటి పక్క మండలం తప్ప ఎక్కడికీ పోయిన మనుషులు కారు. గోనెసంచిలో చుట్టిన నన్ను ఒడిలో పెట్టుకుని ఆమె బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. కొండలు మారుతుంటే, మట్టి రంగు మారుతుంటే, దారి పొడవునా చూస్తూనే ఉంది.

ఆ పల్లె ఇంకా కనుచూపు దూరంలో ఉండగానే బస్సు ఆగిపోయింది. ముందు లారీలు, వాటి ముందు లారీలు. హారన్ల మోత. కండక్టరు దిగి చూసివచ్చి, రెండు టిప్పర్లు ఎదురెదురుగా తగులుకున్నాయనీ, ఎప్పటికి తెములుతుందో తెలియదనీ చెప్పి తన సీటులో వెనక్కి వాలిపోయాడు. ప్రయాణికులు ఉస్సురుమన్నారు. “ఆ ఇంజనీరు సారు వచ్చేదాకా ఈడనే కూచుందాం” అన్నాడు ఓబులేసు. తల తిప్పి చూసేసరికి పక్క సీటు ఖాళీ.

సుంకులమ్మ లారీల పక్కనుంచి చకచకా నడిచింది. ఊరి మొదట్లో రెండు టిప్పర్లూ ముఖాలు ఆనించుకుని ఉన్నాయి. ఇద్దరు డ్రైవర్లు కింద దిగి ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. చుట్టూ జనం. వాళ్లలో ఒక్కరూ ఆమెను ఎరగరు. ఆమె గోనెసంచి విప్పి, నన్ను పైకెత్తి, ఊపిరి పీల్చుకుంది.

“చొక్కాలు వదలండ్రా!”

వదిలారు. హారన్లు కూడా ఒకటొకటిగా ఆగిపోయాయి. లోడు లేని బండి ఏదో ఒక్క చూపులో పసిగట్టి, నా ఎరుపును దాని డ్రైవరు ముఖానికి తిప్పి, “నువ్వు ఎనక్కి తియ్యప్పా” అంది. అతను నన్ను చూశాడు, ఆమెను చూశాడు, ఏమీ అడగకుండా బండెక్కాడు. టిప్పరు కీంకీంమంటూ వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

అది సరిగ్గా పోతోందో లేదో చూస్తూ, చూపు తిప్పకుండానే, పక్కన నిలబడిన ఒక కొత్త ఆడమనిషిని సుంకులమ్మ అడిగింది.

“బడి యాడుందమ్మా ఈ ఊర్లో?”